ఉపదేశి గారి తాళాలు

మొన్న మంగళవారం నుంచి నేను పోపుగారి తరఫున వాదిస్తున్నాను. మాది కిరాణా కొట్టు. గల్లాపెట్టె మీద సింహాచలం అప్పన్న పటం ఉంటుంది, రోజూ దీపం పెట్టిగానీ బోణీ చెయ్యను. అలాంటిదాన్ని ఓ చేత్తో కందిపప్పు తూస్తూ, మత్తయి సువార్త పదహారో అధ్యాయంలో ప్రభువు పరలోక రాజ్యపు తాళాలు పేతురు ఒక్కడికే ఇచ్చాడా, శిష్యులందరికీ ఇచ్చాడా అని మాష్టారితో గొంతు చించుకుంటున్నాను. సరదాకి కాదు. ఆ పని చెయ్యాల్సిన మనిషి పోయారు.

పోయింది మా ఉపదేశి గారు. కతోలికుల గుడిలో ఫాదరు గారు రాని ఆదివారాలు ప్రార్థన నడిపించే పెద్దమనిషిని ఉపదేశి అంటారు. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున వేట మీద బతికే ఊరు. దాదాపు అందరూ హిందువులే. ఉత్తరం వైపు కొన్ని కతోలిక ఇళ్ళు, రేకుల కప్పు గుడి ఒకటి. దక్షిణం వైపు అంతకంటే కాస్త ఎక్కువ బాప్టిస్టు ఇళ్ళు. ఫాదరు గారు నెలకోసారి టౌను నుంచి మోటారు సైకిలు మీద వచ్చేవారు. తక్కిన ఆదివారాలన్నీ ఐదో తరగతి చదివిన ఈయనవే.

సోమవారం మట్టి చేశారు. మంగళవారం పదకొండింటికి మాష్టారు ఎప్పట్లాగే ఇస్త్రీ చొక్కాతో, బైబిలు చంకలో పెట్టుకుని కొట్టుకి వచ్చారు. ఆయన బాప్టిస్టు, రిటైరైన బడిపంతులు. తన స్టూలు మీద తను కూచుని, ఎదురుగా ఉన్న ఖాళీ స్టూలుకేసి చూసి, "అమ్మా, ఆ పక్షం నువ్వు మాట్లాడు. ఇరవయ్యేళ్ళు విన్నావు కదా" అన్నారు. కాదనలేకపోయాను.

నిజమే, ఇరవయ్యేళ్ళు విన్నాను. కాపురానికొచ్చిన కొత్తలో, ఇద్దరు ముసలాళ్ళు కొట్టు ముందు కొట్టుకు చస్తున్నారని భయపడి మావారిని లేపాను కూడా. "ఆళ్ళకి రోజూ ఉన్నదేలే" అని అటు తిరిగి పడుకున్నారు. తర్వాత నన్నే తీర్పరిని చేశారు. ఇటూ అటూ కాని మనిషివి నువ్వొక్కదానివే అన్నారు. గెలిచినవాళ్ళకి బెల్లం ముక్క ఇచ్చేదాన్ని.

మాష్టారి బైబిల్లో ఎర్ర గీతో నీలం గీతో పడని పేజీ ఉండదు. ఉపదేశి గారికి చదవడం అంటే వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కోవడం. కానీ విన్నది మరిచేవారు కాదు. 'ఈ బండ మీద నా సంఘం కడతాను' అని ప్రభువు పేతురుతో అన్న మాట దగ్గర మొదలై, వాదన ఇలా నడిచేది.

"బండ అంటే పేతురు కాదయ్యా ఉపదేశీ. పేతురు నోట వచ్చిన విశ్వాసం. సంఘానికి పునాది క్రీస్తు ఒక్కడే."

"మరైతే ఆ మనిసికి బండ అనే అర్తం వొచ్చేలా పేరెందుకు మార్చినాడండీ?"

"కట్టే అధికారం, విప్పే అధికారం రెండధ్యాయాలు దాటితే అందరికీ ఇచ్చాడు. చదువుకో."

"అందరికీ ఇచ్చినాడు. తాళాలు మాత్రం ఒకడికే ఇచ్చినాడు. మీరే సదవండి, నాకు కళ్ళు ఆనవు."

"ఆ వెంటనే అదే పేతుర్ని సాతానా పొమ్మని తిట్టాడు. అది చెప్పవేం?"

"తిట్టినాడండీ. తిట్టి, తాళాలు ఎనక్కి లాక్కున్నాడా?"

ఆ రోజు బెల్లం ఉపదేశి గారికి వెళ్ళింది. అన్ని రోజులూ అలా ఉండేవి కావు. పౌలు వచ్చి పేతుర్ని పదిమందిలో నిలదీశాడు కదా అంటే కాసేపు చెవి గోక్కునేవారు. ఇక మాష్టారి పెద్ద దెబ్బ ఒకటుంది. "సరే, పేతురుకిచ్చాడే అనుకో. పేతురు తర్వాతివాడికి, ఆ తర్వాత రోములో పోపుగా కూచున్న ప్రతివాడికీ ఇచ్చినట్టు ఏ వచనంలో ఉంది, చూపించు." అక్కడికొస్తే ఉపదేశి గారు లేచి, "ఉల్లిపాయలు అరకేజీ ఇయ్యమ్మీ" అనేవారు. ఇంట్లో ఉల్లిపాయలు మురిగిపోతున్నాయని వాళ్ళావిడ నన్ను తిట్టిపోసేది.

ఇప్పుడాయన తాళాల సంగతి చెప్పాలి. పేతురువి కావు, ఈయనవే.

ఆగస్టు వచ్చిందంటే మా మగవాళ్ళు గుజరాతు బోట్లెక్కడానికి రైళ్ళెక్కేస్తారు. కొందరు పెళ్ళాం పిల్లల్ని కూడా తీసుకుపోతారు, కొందరు పుట్టిళ్ళకి పంపేస్తారు. మళ్ళీ మే నెల దాకా ఇళ్ళకి తాళాలే. ఆ తాళంచెవులన్నీ ఉపదేశి గారి దగ్గర పెట్టి పోయేవారు. కతోలికులే కాదు, ఎక్కువమంది హిందువులే. వలస పోడు, తాగడు, అబద్ధమాడితే ముఖం ఎర్రబడిపోతుంది, ఇంకెవరికిస్తారు? వల తాడు ముక్కకి అన్నీ గుచ్చి మెళ్ళో వేసుకునేవారు. ఏది ఏ ఇంటిదో తెలియడానికి ఒక్కో చెవికి ఆ ఇంటి ఇల్లాలి పాత చీర పేలిక కట్టి ఉండేది. నడిచొస్తుంటే గలగలమని ముందే తెలిసేది. నేను బెల్లం డబ్బా మూత తీసి పెట్టేదాన్ని.

శనివారం శనివారం ఆ ఇళ్ళన్నీ తెరిచి, కిటికీలు తీసి, గాలి ఆడనిచ్చి, తుడిచి, మళ్ళీ తాళాలు వేసేవారు. గుమ్మం ముందు చెప్పులు విడిచి, లోపల ఎవరూ లేరని తెలిసి కూడా, "ఇంట్లో ఎవలున్నారు? నానొస్తన్నాను" అని ఓ కేక వేసిగానీ అడుగు పెట్టేవారు కాదు. ఒకసారి నేను చూస్తుండగా, మెడలో జపమాల వేసుకున్న ఈ మనిషి, ఒకళ్ళ ఇంట్లో అప్పన్న పటాన్ని భుజం మీద తుండుతో శుభ్రంగా తుడుస్తున్నారు. "అదేటి తాతా, నువ్వు మా దేముణ్ణి తుడుస్తన్నావేటి?" అన్నాను. "దేముడు ఆళ్ళవోడే. దుమ్ము నా పూసీ" అన్నారు. ఇలాంటి మనిషి మీద నాకు పక్షపాతం ఉందంటే ఉంది. తీర్పరులకి ఉండకూడదంటారు, ఉండనీండి.

2013లో ఆయనకి రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది ఫిబ్రవరిలో. పోపుగారు ముసలితనం చేత పదవి వదిలేస్తున్నారని పేపర్లో పడింది. మాష్టారు ఆ పేపరు మడత పెట్టి జేబులో పెట్టుకుని మరీ వచ్చారు. "ఏమయ్యా, పేతురు కుర్చీ ఖాళీ అట! తాళాలు ఇప్పుడెవరి దగ్గరున్నాయి?" ఉపదేశి గారు చాలాసేపు పేపరులో ఫోటో చూశారు. "తాళాలు తనవి కావని తెలిసినోడే దింపుకోగలడండీ" అన్నారు చివరికి. మాష్టారు పేపరు మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నారు. బెల్లం ఎవరికివ్వాలో తెలియక ఆ రోజు నేనే తినేశాను.

రెండోది ఆగస్టులో. అది గట్టి దెబ్బ. ఆ ఏడు ఈయన మెళ్ళో పద్నాలుగిళ్ళ తాళంచెవులున్నాయి. మాష్టారు వాటికేసి చూపు పెట్టి, నెమ్మదిగా మొదలుపెట్టారు.

"ఉపదేశీ, ఆ ఇళ్ళలో నీ ఇష్టానికి ఒక్క పీట పక్కకి జరుపుతావా?"

"అమ్మో, జరపను."

"మంచం మీద నడుం వాలుస్తావా?"

"కింద కూడా కూకోనండీ."

"నీ చుట్టాన్ని ఒక్క పూట పడుకోబెడతావా?"

"ఎలగ పడుకోబెడతాను? నా ఇల్లేటి?"

"అదీ! తాళం ఇవ్వడమంటే కాపలా పెట్టడం. అధికారం ఇవ్వడం కాదు. పేతురుకైనా అంతే, పోపుకైనా అంతే. నేను చెప్పడం కాదు, నీ నడతే చెబుతోంది."

ఉపదేశి గారు ఉల్లిపాయలు కూడా అడగకుండా లేచి వెళ్ళిపోయారు. తన మంచితనమే తనకి ఎదురు సాక్ష్యం చెప్పింది మరి. చాలా రోజులు కొట్టు వైపు రాలేదు. నేను మాష్టారికి బెల్లం ఇవ్వలేదు. ఆయనా అడగలేదు.

ఆ అక్టోబరులో తుపాను వచ్చింది.

పొద్దున్నే ఆటోకి మైకు కట్టి, గెడ్డ అవతలున్న హైస్కూలుకి వెళ్ళిపొమ్మని చాటించారు. గెడ్డ అంటే మా ఊరిని ఆనుకుని పారే వాగు. సగంమంది వెళ్ళారు. తక్కినవాళ్ళు తెప్పలూ వలలూ పైకి లాక్కునేసరికి గెడ్డ పొంగి దారి తెగింది. మధ్యాహ్నం రెండు గంటలకి తాటాకు కప్పులు లేచిపోవడం మొదలైంది. మా కొట్టు పెంకులు ఒక్కొక్కటే ఎగిరి వీధిలో పగులుతున్నాయి. ఫోన్లు మూగబోయాయి. ఊళ్ళో గట్టిగా నిలబడేవి గుజరాతు సంపాదనతో కట్టిన శ్లాబు ఇళ్ళు. అన్నిటికీ తాళాలే.

ఓ శ్లాబు ఇంటి గోడ చాటున రెండు వందలమందిమి, పసిపిల్లలు, ముసలాళ్ళు, వణుకుతూ నిలబడ్డాం. ఇంటి రేకులు ఎగిరిపోయి మాష్టారు కూడా భార్యని చేత్తో పట్టుకుని వచ్చారు. ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఆయన ఎంత బక్కమనిషో ఆ రోజే తెలిసింది. అప్పుడు గలగలమని చప్పుడు వినిపించింది. ఉపదేశి గారు ఎరువుల సంచి నెత్తిన వేసుకుని, మెళ్ళో తాడుతో వచ్చి మాష్టారి ముందు నిలబడ్డారు.

"మాష్టారూ, సెప్పండి. కాపలావోడు తలుపు తీయొచ్చా?"

ఆ సమయంలో కూడా మాష్టారు అబద్ధమాడలేదు. "తీస్తే నీ మాట పోతుంది ఉపదేశీ. మళ్ళీ నీకెవరూ తాళం ఇవ్వరు."

"మాట నాను పడతాను. మనిసి పోతే ఎవలు తెస్తారండీ?"

మొదటి ఇంటి గుమ్మం ముందు, ఆ గాలిలో, చెప్పులు విడిచారు. "ఇంట్లో ఎవలున్నారు? నానొస్తన్నాను! ఎనకాల జనం వస్తన్నారు!" అని అరిచి తాళం తీశారు. అలా వరసగా పదమూడు తలుపులు తీశారు. ఇంటికింతమంది అని ఆయనే వేలు పెట్టి చూపిస్తూ లోపలికి తోశారు. ఆ ఇళ్ళన్నీ కిక్కిరిసిపోయినా ఇంకా నలభైమంది బయటే ఉన్నారు. పద్నాలుగో ఇల్లు మిగిలింది.

అది అందరికంటే ఎత్తున, అందరికంటే గట్టిగా ఉన్న ఇల్లు. ఓ తండేలుది. తండేలు అంటే బోటు మొత్తానికి నాయకుడు. పదేళ్ళు సముద్రంలో కష్టపడి కట్టుకున్నాడు. రంగులు వేయించి, గృహప్రవేశం మే నెలలో వచ్చాక చేసుకుంటానని, కాలు పెట్టకుండా తాళం వేసి పోయాడు. అందుకే శనివారాలు కూడా ఉపదేశి గారు ఆ ఒక్క ఇల్లు తెరిచేవారు కాదు. ఇంటి ఆడపడుచు పాలు పొంగించకుండా ఆ ఇంట్లో పొయ్యి వెలగకూడదు. ఉపదేశి గారు ఆ గుమ్మం ముందు మొదటిసారి ఆగారు. ఆగి నా వైపు తిరిగారు.

"అమ్మీ, మీ ఆసారం నాకు పూర్తిగా తెల్దు. నువ్వు సెప్పు."

నేను వద్దన్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. "ఒద్దు తాతా, ఇదొక్కటీ తియ్యకు. ఆళ్ళకి అరిష్టమంటారు, నీ మీద పడతాది" అన్నాను. నా చంకలో పక్కింటి పిల్ల ఒంట్లో వేడి లేకుండా ఉంది, అయినా నా నోట ఆ మాటే వచ్చింది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "తప్పు నా ఖాతాలో ఉండనీ. నడండి బేగి" అని తాళం తీసేశారు.

ఆ కొత్త గచ్చు మీద నలభైమందిమి బురద కాళ్ళతో కూలబడ్డాం. మాష్టారి భార్య మూడు ఇటుకలు పెట్టి పొయ్యి రాజేసింది. నేను కొట్టులోంచి తడవని చోడిపిండి, అదే రాగిపిండి, తెస్తే పెద్ద డేగిసాలో అంబలి కాచింది. మంట ఎగిసి కొత్త గోడ మీద మనిషెత్తు మసి పట్టింది. పిల్లలు తాగారు, పెద్దవాళ్ళం తాగాం, నా చంకలో పిల్ల ఏడుపందుకుంది. ఆ ఏడుపు విని అందరం నవ్వాం. మా ఊళ్ళో ఆ రోజు గోడలు పోయాయి, తెప్పలు పోయాయి, మనిషి ఒక్కడూ పోలేదు.

ఫోన్లు వచ్చాక ఉపదేశి గారు నా కొట్టులోంచే పద్నాలుగు ఇళ్ళవాళ్ళకీ స్వయంగా చెప్పారు. పదమూడుమందీ మంచి పని చేశావన్నారు. తండేలు మాత్రం అంతా విని, "వొచ్చి సూస్తాను" అని పెట్టేశాడు.

ఆ రెండు ముక్కలు ఏడు నెలలు ఆయన్ని తినేశాయి. "ఆ ఒక్క తాళం ఎనక్కి తీసుకున్నాడంటే, తక్కినయి కూడా ఎవలివి ఆళ్ళకి ఇచ్చెత్తానమ్మీ. నమ్మకం ముక్కలుగా ఉండదు" అన్నారు. ఆ మసి మీద సున్నం కొట్టిస్తామని కుర్రాళ్ళంటే ఒప్పుకోలేదు. "ఆడు సూడాల. దాసిపెడితే దొంగతనం అవుతాది." శనివారాలు ఆ ఇల్లు తెరిచేవారు, ఆ గోడ జోలికి పోకుండా తక్కినదంతా తుడిచేవారు.

మాష్టారు ఆ ఏడు నెలలూ వాదన పెట్టలేదు. ఒక రోజు మాత్రం బైబిలు తెచ్చి ఆయన ముందు తెరిచారు. దావీదు ఆకలేసినప్పుడు యాజకులు మాత్రమే తినాల్సిన రొట్టెలు తిన్నాడు, ప్రభువు దాన్ని తప్పు పట్టలేదు, ఇదిగో చూడు, ఇది నీకు పనికొస్తుంది అన్నారు. ఏళ్ళ తరబడి ఎదుటివాణ్ణి పడగొట్టడానికి గీసిన గీతల్లోంచి ఒకటి ఆయన కోసం వెతికి తీశారు. ఉపదేశి గారు వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని, "ఆడికి దావీదు తెల్దండీ" అన్నారు. మాష్టారు ముఖం తిప్పుకున్నారు.

మే నెలలో తండేలు ఆమదాలవలసలో రైలు దిగి, పెళ్ళాం పిల్లలతో ఆటోలో వచ్చాడు. వాడు వచ్చేసరికి వీధి వీధంతా ఆ ఇంటి ముందే ఉంది. ఉపదేశి గారు ఉతికిన పంచె కట్టుకుని, మెళ్ళో తాడు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. అన్ని తాళంచెవులూ దానికే ఉన్నాయి. ఎవరికి వాళ్ళకి ఇచ్చేయడానికి సిద్ధపడే వచ్చారని అర్థమైంది.

తండేలు తాళం తీయించుకుని లోపలికి వెళ్ళాడు. గోడ మీద మసికేసి చాలాసేపు చూశాడు.

"ఇక్కడేటొండినారు?"

ఉపదేశి గారు నోరు విప్పబోతే మాష్టారి భార్య అడ్డొచ్చింది. "నానే ఒండినాను నాయనా. సోడంబలి."

"పొంగినాదా?"

"పొంగకేం? నలబైమందికి డేగిసా నిండా కాసినాను. పొంగి గచ్చంతా పోనాది."

తండేలు వెనక్కి తిరిగాడు. అంత మోటుమనిషి కళ్ళలో నీళ్ళు. "మరింకేటి? మా సెల్లి వొచ్చి గిన్నెడు పాలు పొంగిస్తే మా నలుగురికీ మంచిదంటారు. నా ఇంట్లో నలబైమంది పానానికి పొంగినాది. ఇంతకన్నా గొప్ప ముహూర్తం ఏ పంతులు పెడతాడు? ఈ మసి నాను తుడవను. ఎల్లుండి బోజనాలు, ఆ నలబైమందీ రావాల. ముందు ఆళ్ళే నడవాల గడప లోపలికి, ఎనకాల నానొస్తాను."

ఉపదేశి గారు తాళంచెవి విప్పి వాడికందించబోయారు. "అడక్కుండా తీసినాను నాయనా. కాపలావోణ్ణి."

"ఎవలన్నారు కాపలావోడివని?" తండేలు గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "కాపలాకైతే కుక్కని కట్టుకుందును మావా! నీకు తాళం ఇచ్చినానంటే, నాను లేనప్పుడు నా ఇంట్లో నాను సెయ్యాల్సింది నువ్వు సెయ్యమని. ఆ గాలిలో నాను ఇక్కడుంటే తలుపు మూసుకుని కూకుందునా?" అని ఆ తాళంచెవి మళ్ళీ తాడుకి గుచ్చి, తాడు తన చేత్తో ఆయన మెళ్ళో వేశాడు.

ఆ తర్వాత వీధిలో ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. ఈలలు, చప్పట్లు, ఎవరో డప్పు తెచ్చారు. ఆడవాళ్ళు ఉపదేశి గారి భార్యని ఎత్తినంత పని చేశారు. నేను కొట్టుకి పరిగెత్తి బెల్లం డబ్బాకి డబ్బా ఎత్తుకొచ్చి పంచేశాను. నా మాట వినకుండా ఆ తలుపు తీసినందుకు ఆయన కాళ్ళకి దండం పెడితే, "ఓలమ్మో, లెగు లెగు" అని కంగారుపడిపోయారు.

మాష్టారు జనాన్ని తోసుకుంటూ ఎదురుగా వచ్చారు. డప్పు ఆగింది. అన్నేళ్ళలో ఆయన ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోగా నేను చూడలేదు. చొక్కా సర్దుకుని, క్లాసులో నిలబడ్డట్టు నిలబడి, అందరికీ వినబడేలా చెప్పారు.

"ఉపదేశీ, పేతురు దాకా ఒప్పుకుంటున్నాను. రోము సంగతి రేపు పదకొండు గంటలకి."

జనానికి ఏమీ అర్థం కాకపోయినా ఈల వేశారు. డెబ్భై ఏళ్ళ ఉపదేశి గారు పంచె ఎగ్గట్టి, నడివీధిలో, తాళాలు గలగలమంటుండగా చేతులెత్తి గంతులేశారు. ఆయాసం తగ్గాక మాష్టారి భుజం మీద చెయ్యి వేశారు.

"రేపు ఒద్దండీ, ఎల్లుండి పెట్టుకుందాం. రేపు కూడా నన్ను గెలిసే ఉండనీండి."